అమ్మేవాళ్లు ముందు ఎక్కాలి

పదో తరగతి పరీక్షలు అయిన మర్నాడు మా అమ్మాయి గుర్రం అడిగింది. తోటి పిల్లలందరూ ఫోన్లు అడిగారట. నా వంతుకు గుర్రం వచ్చింది.

అడగడంలో మరీ వింతేమీ లేదు. రెండేళ్లుగా జనగామ శివారులో ఒక పెద్దాయన దగ్గర ఆమె స్వారీ నేర్చుకుంటోంది. ఆయన పోలీసు గుర్రాలతో ఉద్యోగమంతా గడిపి రిటైరైన మనిషి. ఆయన దగ్గరున్న ముసలి గుర్రం చలికాలంలో చనిపోయింది. తర్వాత ఆయన మోకాలి ఆపరేషన్ కోసం పట్నంలో కొడుకు ఇంటికి వెళ్లాడు. అమ్మాయికి విద్య మిగిలింది, గుర్రం లేదు. పోయేముందు ఆయన నాతో, "బిడ్డది మంచి చెయ్యి సార్, ఇడవకుండ్రి" అన్నాడు. అది విన్న దగ్గర్నుంచి అమ్మాయి ఇంట్లో నడిచే తీరు కూడా మారింది.

మా ఆవిడ దవాఖానలో ఎముకల వార్డులో నర్సు. ఆమె పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. "కొను. పిల్ల నా వార్డుకు వచ్చిన రోజు పక్క మంచం నీకే" అంది. ఆమె మామూలుగా మాట తప్పదు.

నేను జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను. అమ్మేవాడికి అంతా తెలిసి, కొనేవాడికి ఏమీ తెలియని సరుకు గురించి నేను చెప్పే పాఠం ఒకటుంది. అది చెప్పేటప్పుడు నాకు ఎన్నడూ భయం వెయ్యలేదు. ఇప్పుడు ఆ సరుకుకు నాలుగు కాళ్లుండి, దాని మీద కూర్చునేది నా బిడ్డ అయ్యేసరికి ఆ పాఠం నాకు మొదటిసారి అర్థమైంది.

దేవరుప్పులలో ఉండే మా అన్నకు ఫోన్ చేశాను. ఆ చుట్టుపక్కల ఎవరు ఎడ్లు కొనబోయినా మా అన్న లేకుండా అంగడికి పోరు. పండ్లు చూసి వయసు చెబుతాడు, వీపు మీద, మెడ కింద సుడులు చూసి ఆ ఎద్దు ఇంటికి కలిసి వస్తుందో రాదో తేలుస్తాడు.

"అన్నా, ఇది గుర్రం కదా. నీకు తెలుస్తదా?" అన్నాను.

"నాలుగు కాళ్లదేదైన ఒకటే తమ్మీ. నువ్వు పరేషాన్ కాకు."

అప్పటిదాకా కొంచెమే అయ్యాను. ఆ మాటతో పూర్తిగా అయ్యాను.

మొదటి గుర్రం జనగామలోనే. పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పే మనిషి ఒకరు అమ్ముతున్నారని తెలిసి, మర్యాదగా ముందు రోజే ఫోన్ చేసి, పొద్దున పదకొండింటికి వస్తామని చెప్పి వెళ్లాం. గుర్రం తల వంచుకుని నిలబడి ఉంది. ఈగ వాలినా తోక కదపలేదు. అంత నెమ్మదైన జీవిని నేను మా స్టాఫ్ రూములో తప్ప ఇంకెక్కడా చూడలేదు. అన్న నోరు తెరిపించి పండ్లు చూశాడు, వీపంతా చెయ్యి రాసి సుడి సరైన చోటనే ఉందని తల ఊపాడు. "ఆవు లెక్క ఉన్నది తమ్మీ. తోలుకపోదాం" అన్నాడు.

అమ్మాయి జీను కింది గుడ్డను జరిపి, వేళ్లతో గుర్రం వీపు రుద్దింది. వేళ్లకు తెల్లగా అంటిన పొడిని నాకు చూపింది.

"బాపు, ఇది ఉప్పు. చెమట పట్టి ఎండింది. పొద్దున్నుంచి దీన్ని మస్తు ఉరికిచ్చిన్రు."

"ఎండకాలం కదా బిడ్డా, గుర్రానికి చెమట రాదా?" అన్నాడు అమ్మేవాడు.

"నీడల నిలబడ్డదానికి ఇంత రాదు అంకుల్."

ఆ సాయంత్రం పట్నంలో ఉన్న పెద్దాయనకు ఫోన్ చేస్తే చాలాసేపు నవ్వాడు. "ఫోన్ చేసి పోతిరా సార్? ఇగ మీరు వచ్చేదాంక తిప్పి తిప్పి అలుపు తెప్పిస్తరు. చెప్పకుండ పోవాలె. ఇంకోటి, అమ్మేటోడు మీ ముంగట ముందుగాల ఎక్కాలె. ఆయన ఎక్కందే బిడ్డను ఎక్కనీయకుండ్రి."

రెండు రోజులాగి, చెప్పకుండా వెళ్లాం. ఇద్దరు మనుషులు చెరో వైపు తాడు పట్టుకుని ఊగుతున్నారు. మధ్యలో గుర్రం వెనక కాళ్లతో గోడను తన్నుతోంది. మమ్మల్ని చూడగానే అమ్మేవాడు తాడు వదలకుండానే, "ఇది వేరే గుర్రం సార్" అన్నాడు. నుదుటి మీద అదే తెల్ల మచ్చ. మేము కూడా వేరే మనుషులమైనట్టు అట్నుంచి అటే వచ్చేశాం.

రెండోది భూపాలపల్లి జిల్లా చిట్యాల దగ్గర. అన్నకు రాజకీయాల్లో పరిచయమున్న ఒక పెద్ద రైతు, ఎన్నికల ఊరేగింపు కోసం కొన్న తెల్ల గుర్రమట. ఎన్నిక పోయింది, గుర్రం మిగిలింది. రెండున్నర గంటల ప్రయాణం. ఈసారి నేను ఫోన్ చేయలేదు. కానీ అన్న చేశాడు. "పెద్దమనిషి ఇంటికి చెప్పకుండ ఎట్ల పోతం?" అని దారిలో చెప్పాడు.

పోయేసరికి నాటుకోడి కూర ఉడుకుతోంది. మా వైపు ఒక ఇంట్లో పీట వేసుకుని తిన్నాక, ఆ ఇంటి సరుకు బాగాలేదనడానికి చాలా ధైర్యం కావాలి. నేను చారు పోసుకుంటున్నప్పుడే ఆయన, "మా అవ్వ తోడు, ఇంత సక్కని జీవిని మీరు చూడరు. చంటిపిల్ల కూడ తోలుతది" అన్నాడు. నేను కూర ఇంకొంచెం వేయించుకున్నాను. భయమేస్తే నాకు ఆకలవుతుంది.

గుర్రం నిజంగానే అందంగా ఉంది. కళ్లలో తెల్లగుడ్డు మాత్రం బెదిరినట్టు కొంచెం ఎక్కువ కనబడుతోంది. అమ్మాయి దాన్ని చూసిన చూపు చూసి, మంచిదైనా చెడ్డదైనా ఈ పిల్ల ఇక్కడే ఒప్పేసుకుంటుందని భయమేసింది.

"జర మీరు ఒకసారి ఎక్కి చూపియ్యండి" అన్నాను, వీలైనంత మామూలుగా.

"నాకు షుగర్ సారూ, డాక్టర్ వద్దన్నడు."

"మీ అబ్బాయి?"

"వానికి రేపు పరీక్ష."

దాణా పెట్టే మనిషి వైపు చూశాను. ఆయన వెంటనే, తనకు ఇవాళ ఒక్కపొద్దు అన్నాడు. చేతిలో సగం తిన్న కోడి కాలుంది.

"ఎక్కు బిడ్డా, ఏం కాదు" అన్నాడు అన్న. అమ్మాయి అప్పటికే రికాబులో కాలు పెట్టింది. గుర్రం చెవులు వెనక్కి వాలాయి.

"దిగు" అన్నాను. అది నా గొంతులా లేదు. క్లాసులో ఇన్నేళ్లుగా ఆ గొంతు కోసమే వెతుకుతున్నాను.

అమ్మాయికి తలనొప్పి అని చెప్పాను. ఆ అబద్ధం ఎవరూ నమ్మలేదు, అమ్మాయి అసలే నమ్మలేదు. కారులో ఆమె నాతో మాట్లాడలేదు. అన్న మాట్లాడాడు. "అన్నం తిని గిట్ల లేచొస్తమా తమ్మీ? నా ఇజ్జత్ ఏం కావాలె?" పరకాల దాటేదాకా అదే. ఆ తర్వాత మాత్రం, "అయినా ఆ ఇంట్ల అందరికి ఒక్క దినమే రోగాలొచ్చినయేంది?" అన్నాడు.

మూడోది మహబూబాబాద్ వైపు, నర్సింహులపేట దగ్గర తండాలో. గోధుమ రంగు ఆడ గుర్రం. యజమాని యాభై దాటిన లంబాడీ స్త్రీ. కొడుకు గుర్రాన్ని పెళ్లిళ్లకు తిప్పేవాడట, ఇప్పుడు పట్నంలో ఆటో నడుపుతున్నాడు. ఈసారి నేనూ ఫోన్ చేయలేదు, అన్న ఫోన్ కూడా నా జేబులోనే ఉంది.

ఆమె మాకు నీళ్లిచ్చి, గుర్రాన్ని పొగడకుండా మొదలుపెట్టింది. "పొట్ట కింద పట్టీ బిగిస్తే కరుస్తది. నీలం పరదా కనబడితే బెదురుతది. కుడి ఎనుక కాలికి ముండ్లకంచె గీరింది, చలికాలం కుంటుతది. డప్పు ఇంటే ఆడుతది, ఆపలేం."

మా అన్న నన్ను పక్కకు లాగాడు. "ఇదేం తీరు తమ్మీ? అమ్మేటోళ్లు లోపాలు చెప్తరా? అంగట్ల ఇన్నేండ్లల్ల ఒక్కడు చెప్పలే. దీంట్ల ఇంకేదో ఉన్నది." నాకూ అదే అనిపించింది. పొగిడితే అబద్ధమని తెలుసుకోవడం నేర్చుకున్నాం. తిడితే ఏం చేయాలో మాకు ఎవరూ చెప్పలేదు.

అన్న వెళ్లి వీపు మీద చెయ్యి రాశాడు. ఒకచోట ఆగిపోయాడు. "తమ్మీ, ఈ సుడి పాడె లెక్క ఉన్నది. ఇంటికి శవం తెస్తది."

"అది నీ ఎద్దు కాదు పటేలా," అంది ఆమె, "గుర్రం. నాగలి కడ్తవా దానికి?"

అమ్మాయి నవ్వింది. చిట్యాల తర్వాత అదే మొదటి నవ్వు.

నేను అడగకముందే ఆమె కొంగు నడుముకు దోపి, జీను లేకుండానే ఎక్కింది. గుర్రంతో తమ భాషలో ఏదో అంటూ తండా చుట్టూ తిప్పి తెచ్చింది. దిగాక మాత్రం అమ్మాయిని ఎక్కనివ్వలేదు. ప్రశ్నలు మొదలుపెట్టింది. "ఏడ కట్టేస్తవ్ బిడ్డా? పొద్దుగాల లేస్తవా? దానికి కోపమొస్తే ఏం జేస్తవ్?"

"దిగుత" అంది అమ్మాయి.

"ఆఁ. ఇయ్యాల తాడు పట్టుకొని నడిపియ్యి. ఆగు అనే మాట నేర్పుత, మా భాషల అంటేనే ఇంటది. వచ్చే ఐతారం ఎక్కుదువు."

బయల్దేరేముందు నా నంబరు ఆమెకు ఇచ్చాను. తిరుగు దారంతా అమ్మాయి ఆ ఒక్క మాటనే పలుకుతూ కూర్చుంది. నేను ప్రతిసారీ బ్రేకు మీద కాలు వేశాను.

మంగళవారం ఎవరికీ చెప్పకుండా ఒక్కడినే మళ్లీ తండాకు పోయాను. గుర్రం కట్టు లేకుండా వేపచెట్టు నీడలో నిలబడి ఉంది. ఆమె ఉపాధి పనికి పోయిందట. పక్కింటి ముసలాయన మంచం వేసి కూర్చోబెట్టాడు. గుర్రం గురించి అడిగితే ఆమె చెప్పిన లోపాలే వరసగా చెప్పాడు. నా గుండె కొంచెం కుదుటపడింది.

"ఇగ కొడుకును పడేసింది కద," అన్నాడు ఆయన చుట్ట వెలిగిస్తూ. "చెయ్యి ఇరిగింది. చెప్పలే మీకు?"

చెప్పలేదు. మా అన్న చెప్పిన 'ఇంకేదో' ఇదేనన్నమాట. పాట్లన్నీ పడి, నిజం చెప్పే మనిషి దొరికిందని ఇంట్లో అప్పటికే చెప్పేశాను. వెంటనే లేచి వెళ్లిపోదామనుకున్నాను. కానీ ఇది తెలియకుండానే ఆదివారం అమ్మాయి ఎక్కేది కదా అనే ఆలోచన అక్కడే కూర్చోబెట్టింది.

పారతో, తట్టతో ఆమె వచ్చేసరికి పన్నెండైంది. నేను మర్యాదలేవీ లేకుండా, "మీ కొడుకును పడేసిందట" అన్నాను.

"పడేసింది" అంది. తట్ట దించింది. "పెండ్లిల కాళ్ల కింద పటాకులు కాల్చిన్రు. లేచి దుంకింది, వాడు పడ్డడు. అప్పటినుంచి ఎక్కలే వాడు. గందుకే పట్నం పోయిండు."

"మరి మాకెందుకు చెప్పలే?"

"బిడ్డ ముంగట ఎట్ల చెప్త సారూ? దాని మెడ మీద చెయ్యేసి నవ్వుతున్నది. నీకు పక్కకు చెప్దామంటే ఆ పటేలు ఇడ్వకుండ నీ ఎంబడే ఉండె. నిన్న రెండుమార్ల ఫోన్ కొట్టిన. నువ్వు ఎత్తలే."

ఫోన్ తీసి చూశాను. గుర్రాల బ్రోకర్ల బాధ పడలేక కొత్త నంబర్లు ఎత్తడం మానేసి పది రోజులైంది. సోమవారం పొద్దున ఏడింటికి ఒకటి, ఏడుంబావుకు ఇంకొకటి. ఆమె తన ఫోన్‌తో అక్కడే నా ఫోన్‌కు చేసింది. అదే నంబరు.

నేను ఆమెకు క్షమాపణ చెప్పడానికి మాటలు వెతుకుతుంటే, "తింటవా సారూ? జొన్నరొట్టె ఉన్నది" అంది. తిన్నాను. ఈసారి తిన్నందుకు భయం వేయలేదు.

ఇంటికి వచ్చి ఇద్దరికీ చెప్పాను. మా ఆవిడ ఒక్కటే అడిగింది.

"ఏ చెయ్యి?"

"ఎడమ."

"ఊఁ" అంది. ఎముకల వార్డులో అది శుభవార్తే అయి ఉండాలి.

అమ్మాయి మాత్రం, "కాళ్ల కింద పటాకులు కాలిస్తే నేనైన దుంకుత బాపు" అంది. తర్వాత, "అట్లాంటి చోటుకు దాన్ని తీస్కపోను" అంది. అది నన్ను ఒప్పించడానికి అన్న మాట కాదు. ఆమె ముఖంలో భయముంది. ఆ భయం చూశాకే నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

ఆదివారం అమ్మాయి, అన్న, నేను పోయాం. అమ్మాయి పట్టీ మెల్లగా బిగించింది, గుర్రం తల తిప్పి పండ్లు చూపించింది, అమ్మాయి ఆగింది, మళ్లీ బిగించింది. అమ్మాయి కాలు రికాబులో పెట్టబోతుండగా గుర్రం యజమానురాలు నా వైపు తిరిగింది.

"సారూ, నువ్వు ఆ నీళ్ల ట్యాంకు ఎనుకకు పో."

"ఎందుకు?"

"నీ కాళ్లు వణుకుతున్నయ్. అది నిన్నే చూస్తున్నది. బెదురుతది."

నేను పోయాను. కళ్లముందు సిమెంటు గోడ తప్ప ఏమీ లేదు. గిట్టల చప్పుడు మెల్లగా మొదలైంది. ఆమె గొంతు, తర్వాత అమ్మాయి గొంతు. చప్పుడు దూరమైంది, తండా చివరన ఆగిపోయింది. నేను తొంగి చూడలేదు. చూస్తే బెదురుతుందన్నారు. ఎంతసేపు ఆగిందో నాకు తెలియదు, వాచీ చూసుకోవాలని తోచలేదు. అంతలో అమ్మాయి ఆ భాషలో ఏదో అంది, 'ఆగు' కాదు, నాకు తెలియని ఇంకో మాట. గిట్టలు మళ్లీ కదిలాయి, ఈసారి కొంచెం వేగంగా, ఇటువైపే.

"తమ్మీ, రా ఇగ!" అని అన్న అరిచాడు. "మంచిగనే కూసున్నది!"

వస్తున్నా అన్నాను. గోడకు ఆనించిన చెయ్యి తీయడానికి ఇంకొంచెం సేపు పట్టింది.