ప్రభ కట్టులో సర్ఫ్‌బోర్డు

2024 వేసవి. నరసరావుపేటలో మా పార్సిల్ ఆఫీసు ముందు తారు కరిగి చెప్పులకు అంటుకునేంత ఎండ. పద్దెనిమిదేళ్ళుగా నేను అక్కడ బుకింగ్ క్లర్కుని. మిర్చి బస్తాల నుంచి పెళ్ళి బీరువాల దాకా నేను పంపని సరుకు లేదని అప్పటికి నాకు కాస్త పొగరుండేది. ఆ పొగరును ఒక సర్ఫ్‌బోర్డు దించింది.

అలల మీద నిలబడి జారే పలకను సర్ఫ్‌బోర్డు అంటారు. సముద్రం లేని మా ఊరికి అది ఎట్లా వచ్చిందంటే, మస్తాన్ వల్ల వచ్చింది. మస్తాన్‌ది ఫైబర్ పని. పగిలిన వాటర్ ట్యాంకులు, చిట్లిన లారీ బానెట్లు అతికిస్తాడు. నడికుడి అమ్మాయి లావణ్య విశాఖ బీచ్‌లో సర్ఫింగ్ నేర్పుతుంది. ఊరికొచ్చినప్పుడు అతని పనితనం చూసి, నడుము విరిగిన బోర్డొకటి అప్పజెప్పింది. వేలితో తడిమినా అతుకు దొరకనంత బాగా చేశాడతను.

దాన్ని బుక్ చేసింది నేనే. చుట్టూ థర్మోకోల్, అట్టలు, నల్ల పాలిథిన్, పైన ‘ఫ్రజైల్’ అని నాలుగు ఎర్ర స్టిక్కర్లు. పగిలే సరుకు, జాగ్రత్త అని దానర్థం. మూడు రోజుల తర్వాత మస్తాన్ వచ్చి ఫోన్ నా ముందు పెట్టాడు. ఫొటోలో బోర్డు ముక్కు విరిగి వేలాడుతోంది.

“నీ తప్పు కాదులే అక్కా,” అన్నాడు. ఆ మాటకే నాకు ఎక్కువ సిగ్గేసింది.

లావణ్య మంచిది. రెండో బోర్డు తనే కారులో తెచ్చి దింపింది. “ఇది చక్కగా చేరితే మా దగ్గర విరిగి పడున్నవన్నీ నీకే మస్తానన్నా. ఇదీ పోతే మాత్రం నేనింక పంపలేను,” అంది. అప్పటికి ప్లాస్టిక్ ట్యాంకులొచ్చి అతని షాపుకు గిరాకీ పడిపోయింది. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో కూలి పనికి మాట్లాడుకున్నాడు కూడా. ఇరవై ఏళ్ళ పనితనం మూటగట్టి పక్కన పెట్టాలా వద్దా అన్నది ఆ ఒక్క పార్సిల్ మీద ఆధారపడింది.

మస్తాన్ దాన్ని అతికించి తెచ్చాక, ఈసారి చెక్కపెట్టె చేయించాను. తూకం వేస్తే బోర్డు కన్నా పెట్టే ఎక్కువ తూగింది. పైగా మా దగ్గర ‘వాల్యూమ్ వెయిట్’ అని ఒకటుంది. సరుకు తేలికైనా లారీలో ఎక్కువ చోటు తింటే ఆ చోటుకే బరువు కట్టి చార్జి వేస్తారు. ఎటు చూసినా మస్తాన్ రిపేరు కూలి కంటే లారీ కిరాయే ఎక్కువ తేలింది.

ఆ సమయానికి ఎదురింటి కోటయ్య బాబాయ్ మంచినీళ్ళకని లోపలికొచ్చాడు. కోటప్పకొండ తిరనాళ్ళకు ప్రభలు కట్టడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. మేడలంత ఎత్తున వెదుళ్ళతో కట్టి, గుడ్డలు చుట్టి, కొండకు నిలువునా తరలించే ప్రభలవి. పెట్టెను చూసి ఒకటే నవ్వు.

“ఏంది పద్మా, పలకకి బీరువా చేయించావా?”

“గట్టిగా లేకపోతే విరిగిద్ది బాబాయ్.”

“గట్టిగా బిగిస్తేనే విరిగిద్ది. ప్రభని బిగదీసి కట్టు చూద్దాం, మొదటి గుంటలోనే ఫెళ్ళుమనిద్ది. కొంచెం ఊగనియ్యాల. చానా ఏం కాదు, బెత్తెడు.”

నేను పక్కనే ఉన్న మస్తాన్ వంక చూశాను. అతను అప్పటికే వెదుళ్ళకు బయల్దేరాడు.

ముందు బోర్డు మీద మైనం గీకేశాం. కాలు జారకుండా పూసే ఆ మైనం మా ఎండకు కరిగి గుడ్డకు పట్టేస్తుంది. అడుగున చేప రెక్కల్లా ఉండే ‘ఫిన్లు’ విప్పి విడిగా చుట్టాం. ఏసీ పైపులకు తొడిగే ఫోమ్ గొట్టాన్ని నిలువునా చీల్చి అంచులకు తొడిగాం. నల్ల పాలిథిన్ వద్దన్నాడు మస్తాన్. లోపల వేడి పుడితే ఫైబర్ పొర బుడగలా లేస్తుందట. తెల్ల నూలుగుడ్డ చుట్టాం. అప్పుడు బాబాయ్ కింద రెండు వెదుళ్ళు, పైన ఒకటి పెట్టి, బోర్డును వాటి మధ్య గుడ్డపట్టీలతో ఉయ్యాలలా వేలాడదీశాడు. వెదుళ్ళు ముక్కుకూ తోకకూ అవతల జానెడు పొడుగున్నాయి. కిందపడితే ముందు నేలకు తగిలేది వెదురే. పైన ఒంటి వెదురే కాబట్టి దానిమీద ఇంకో మూట పెట్టే వీల్లేదు. బరువు చెక్కపెట్టెలో సగం కూడా లేదు, వెడల్పూ తక్కువే.

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. “అరుగు మీద నుంచి తోసి చూద్దాం,” అన్నాను.

“వద్దక్కా, నేను చూళ్ళేను!” అని మస్తాన్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నేనూ బాబాయ్ కలిసి తోసేశాం. నేలకు తగిలి ఒక్కసారి ఎగిరి పక్కకు ఒరిగింది. విప్పి చూస్తే గీత కూడా పడలేదు. మస్తాన్ బోర్డును రెండుసార్లు తడిమి, మూడోసారి బాబాయ్ చేతులు తడిమాడు.

మళ్ళీ కట్టి లారీకెక్కించిన మర్నాడు గుంటూరు గోడౌన్ నుంచి ఫోన్. ఇదీ విరిగిందనే అనుకున్నాను. తీరా చూస్తే మా లోడింగు మేస్త్రీ. “ఏందక్కా, తిరనాళ్ళు ఎప్పుడో అయిపోయె, ఇప్పుడు ప్రభ పంపుతున్నావే? పడుకోబెట్టబుద్ధి కాక లారీ గోడకి నిలువునా కట్టించాంలే!”

ఫోన్ పెట్టేశాక నా ఎర్ర స్టిక్కర్లు గుర్తొచ్చాయి. రోజుకు వందల మూటలు దించే మనిషి ఇంగ్లీషు కాగితం చదువుతాడని నేనెట్లా అనుకున్నాను? ముక్కు విరిగింది వాళ్ళ మొరటుతనం వల్ల అని లోలోపల తిట్టుకున్నాను కానీ, ఎక్కడ పట్టుకుని ఎత్తాలో వాళ్ళకు తెలిసేలా నేను ఏనాడైనా కట్టించానా? అప్పట్నుంచి ఏ సరుకొచ్చినా, లోపలేముందని అడిగాక, దీన్ని మోసేవాడు చెయ్యి ఎక్కడ వేస్తాడని కూడా అడుగుతున్నాను.

మూడో రోజు పొద్దున లావణ్య వీడియో కాల్ చేసింది. మస్తాన్, బాబాయ్, నేను కౌంటర్ మీదకు వంగిపోయాం. ఆమె గుడ్డ విప్పి, అతుకు మీద వేళ్ళతో తట్టి, బోర్డు చంకన పెట్టుకుని నీళ్ళలోకి నడిచింది. ఫోన్ ఎవరి చేతికిచ్చిందో గానీ, ఒక అల లేచింది, దానిమీద లావణ్య నిలబడింది. మస్తాన్ అతికించిన పలక తెల్లటి నురగను చీల్చుకుంటూ ఒడ్డు దాకా వచ్చేసింది.

“పడలా! పడలా!” అని బాబాయ్ అరిచిన అరుపుకు వీధిలో వాళ్ళు లోపలికొచ్చారు. మస్తాన్ నవ్వుతూనే ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు!

వారానికి ఆ వెదురు కట్టే వెనక్కి వచ్చింది. అందులో విరిగిన బోర్డు ఇంకొకటి ఊగుతూ ఉంది. దాచేపల్లి పని వద్దని మస్తాన్ ఆ రోజే చెప్పేశాడు.

ఇప్పుడు అతని షాపు ముందు ‘వాటర్ ట్యాంకులు, లారీ బానెట్లు’ కింద ‘సర్ఫ్‌బోర్డులు’ అని కొత్తగా రాసి ఉంటుంది. కొత్తవాళ్ళు చదివి, ఇక్కడ సముద్రం ఎక్కడుందని నవ్వుతారు. దాని కిందే ఇంకో వరుసుంది. అది బాబాయ్ పట్టుబట్టి రాయించుకున్నది: ‘ప్యాకింగ్: ప్రభల కోటయ్య’.