బాపు సెమ్మె మీద నీలి పొర

దయ్యాలంటే నాకు భయం కాదు, నవ్వు. మాది గోదావరిఖనిలో కరెంటు సామాన్ల దుకాణం. "అక్కా, మా ఇంట్ల లైటు దానంతట అదే ఆరుతది, దానంతట అదే ఎలుగుతది. ఏదో ఉన్నట్టున్నది" అని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. మా ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్తాడు. చూస్తే లూజు కనెక్షన్. ఇన్నేళ్లలో ఒక్క దయ్యమూ మాకు దొరకలేదు.

అలాంటి నేను ఇది రాస్తున్నానంటే నాకే వింతగా ఉంది.

మా బాపు బొగ్గుబాయిలో సర్దారుగా చేసి రిటైరయ్యాడు. పని మొదలయ్యే ముందు గ్యాసు చూసే దీపం పట్టుకుని లోపలికి పోవడం ఆయన డ్యూటీ. ఒత్తి తగ్గించి, దీపాన్ని మెల్లగా పైకెత్తి మంటను చూడాలి. మంట మీద పలచగా నీలి పొర కనబడితే గ్యాసు ఉన్నట్టు. అప్పుడు ఇంకో మాట లేదు, అందరినీ బయటికి పంపాలి.

ఒకరోజు దీపం అంతా బాగుందనే చెప్పింది. బాపు సరే అన్నాడు, మనుషులు లోపలికి పోయారు. కాసేపటికి పైకప్పు కూలి బాపు దోస్తు రాజన్న పోయాడు. దీపం గ్యాసును చెబుతుంది గానీ కప్పును చెప్పదు. అది బాపు తప్పు కాదని అందరూ అన్నారు. బాపు మాత్రం ఆ మాట ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు.

మా అమ్మ పోయాక బాపు మా దగ్గరికి వచ్చేశాడు. సాయంత్రం దీపం పెట్టే పని తానే తీసుకున్నాడు. నేలమీద నిలబెట్టే ఇత్తడి దీపపు సెమ్మె కావాలన్నాడు, మోకాళ్లు వంగవని. ధర్మపురిలో నరసింహస్వామి దర్శనం చేసుకుని, గుడి దగ్గరి ఇత్తడి దుకాణానికి వెళ్లాం.

పైన నెమలి ఉన్న సెమ్మె మీద నా కన్ను పడింది. బాపు దాన్ని చూపుడువేలితో నెట్టాడు. అది ఊగింది.

"గీ నెమలిని ఏం జేసుకుంటవే? దాని కడుపుల నూనె వోస్తవా? అడుగు బరువుండాలె, గిన్నె లోతుండాలె. మరలు వదులుంటే నూనె కారుతది, జూడు" అన్నాడు.

దుకాణాయన నవ్వాపుకోలేకపోయాడు. చివరికి నగిషీ ఏమీ లేని, నడుమెత్తు సెమ్మె ఇంటికొచ్చింది. బాగా బరువు. నాకైతే నచ్చలేదు.

రోజూ పొద్దుగూకగానే బాపు ఫ్యాను ఆపించేవాడు. సెమ్మె కింద పళ్లెం పెట్టి, నువ్వుల నూనె పోసి, రెండు ఒత్తులు కలిపి నలిపి వెలిగించేవాడు. దండం పెట్టుకునే ముందు మంటను కళ్లు చికిలించి చూసేవాడు. "ఏంది బాపూ, మనింట్ల గ్యాసుందా?" అని నేను ఏడిపించేదాన్ని. "అలవాటే బిడ్డా" అనేవాడు.

ఆ రోజు పగలంతా ముసురు. మా చిన్నదానికి జ్వరం. హాల్లో సెమ్మెకు కాస్త దూరంగా బొంత మీద పడుకుంది. నేను వంటింట్లో జొన్నరొట్టెలు చేస్తున్నాను. మా ఆయన దుకాణంలో ఉన్నాడు.

"గ్యాసు! పిల్లనెత్తుకో! బయటికి నడువ్!"

బాపు అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. పరుగెత్తి వచ్చాను. సెమ్మెలో నూనె నిండుగా ఉంది. ఫ్యాను ఆపే ఉంది. వానకని తలుపులు మూసే ఉన్నాయి. మంట మాత్రం ఆవగింజంత అయిపోయింది. దాని మీద టోపీ పెట్టినట్టు పలచని నీలి పొర. నా రెండు కళ్లతో చూశాను.

అయినా నాకు చిరాకే వచ్చింది. "బాపూ, ఇది ఇల్లు, బాయి గాదు. జర కూసో" అన్నాను.

ఆయన వినలేదు. ఆ మోకాళ్లతోనే వంగి, పిల్లను ఎత్తుకుని వానలోకి నడిచాడు. జ్వరం పిల్ల తడిసిపోతోందని తిట్టుకుంటూ వెంటబడ్డాను. ఎదురింటి రేకుల కింద నిలబడ్డాం. శాలువా తెస్తానని వెనక్కి తిరిగితే నా చెయ్యి పట్టుకున్నాడు.

"గాలి తేటపడేదాక ఎవ్వలు లోపలికి వోవద్దు."

ఆ చెయ్యి విడిపించుకుంటుండగా లోపల దబ్బున చప్పుడైంది. గడప దాకా దుమ్ము వచ్చింది.

హాలు స్లాబు ఒక పక్క ఊడి పడింది. పిల్ల పడుకున్న బొంత కనబడలేదు, దాని మీద అంత సిమెంటు ముద్ద. చిన్నదాన్ని బాపు చేతుల్లోంచి లాక్కున్నాను. ఎదురింటివాళ్లు వచ్చి లోపలికి తొంగిచూశారు. పెచ్చుల మధ్య సెమ్మె నిలబడే ఉంది. దీపం వెలుగుతూనే ఉంది. నిటారుగా, పచ్చగా, నీలం జాడే లేకుండా.

స్లాబు ఎందుకు పడిందో నాకు తెలుసు. పాత అద్దె ఇల్లు, వానకు నాని పడింది. అందులో వింతేమీ లేదు.

గ్యాసే అంతుపట్టలేదు. వంటింట్లో రొట్టె మాడి బొగ్గయింది గానీ, పొయ్యి మీద మంట మామూలుగానే మండుతోంది. గ్యాసు కారి ఉంటే ఆ పొయ్యి ఊరుకునేదా? సిలిండరు చూసే అతన్నీ పిలిపించాం. ఎక్కడా లీకు లేదన్నాడు. అంటే బాపు పొరబడ్డాడు. బాపు పొరబడబట్టి నా బిడ్డ బతికింది.

తరువాత ఆ సెమ్మెను తలుపులు మూసి చూశాను, నూనె తగ్గించి చూశాను, ఒత్తి మార్చి చూశాను. నీలి పొర మళ్లీ రాలేదు.

ఇల్లు మారిన మొదటి సాయంత్రం బాపు ఫ్యాను ఆపించడం మరిచి దీపం పెట్టి, దండం పెట్టుకోకుండా కుర్చీలో కూర్చుండిపోయాడు. చిన్నది ఆయన ఒళ్లో ఆడుకుంటోంది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆయన మంటతో మాట్లాడుతున్నాడు.

"నీకు కప్పు సంగతి గూడ చెప్పుడు వస్తదని మొన్న తెలిసె గదా. మరి గా దినం మా రాజన్నకు ఎందుకు చెప్పకపోతివి?"

ఆయన కళ్లు తుడుచుకుని నా వైపు చూశాడు, నాకేమైనా తెలుసేమోనన్నట్టు. నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. వెళ్లి ఫ్యాను ఆపి, ఆయన పక్కన కూర్చున్నాను.