ఆగయ్య యాదిలో

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు అంత మంచిది కాదు, అయినా గోదావరిఖనిలో మా కాలనీ అంతా నా దగ్గరికే వస్తుంది. కరెంటు బిల్లు నుంచి పెన్షన్ కాగితం దాకా ఆన్‌లైన్ పనులు చేసే సెంటర్ ఈ వీధిలో నాదొక్కటే మరి. ఓటీపీ వచ్చే ఫోను ఇంట్లో పెట్టి వచ్చేవాళ్లను తిట్టక హారతి పట్టాలా? నా పేరు అనసూర్య. తిట్టే అనసూర్య అని అడిగితే ఇంకా జల్దీ చూపిస్తారు.

నేను తిట్టని మనిషి ఒక్కడే, సదయ్య కాక. ముప్పై ఆరేళ్లు బొగ్గుబాయిలో పనిచేసి నిరుడే రిటైరయ్యాడు. కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, చెప్పులు బయట విడిచి లోపలికి వస్తాడు. ఆ రోజూ అట్లాగే వచ్చి కూర్చున్నాడు.

"బిడ్డా, విదేశపోళ్ల సంస్థకు పైసలు పంపాలె. ఎట్ల పంపుతరు?"

నాకు ఒళ్లు మండింది. "ఏంది కాకా, లాటరీ తగిలిందని మెసేజ్ గిట్ల వచ్చిందా? ఎవని మాటలన్న ఇని ఉన్న పైసలు ఊడ్చిపెడుతవా ఏంది?"

"గట్ల కాదు బిడ్డా. మా జమున నోరు బాగుచేసిండ్రు గద, వాళ్లకు."

మొదటిసారి కాకను కసిరినందుకు నాలుక కరుచుకున్నాను. కాక మనవరాలు జమున గ్రహణం మొర్రితో పుట్టింది. పాలు తాగలేక ఆ పిల్ల ఏడుస్తుంటే ఇంటిల్లిపాదీ ఏడ్చారు. ఒక అంతర్జాతీయ సంస్థ ఖర్చు పెట్టుకుని, హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ ఉచితంగా చేయించింది. ఇప్పుడు ఆ పిల్లకు ఏడేళ్లు. నిద్రపోతే తప్ప మాట ఆపదు.

కాక ఫోన్లో ఎవరో పంపిన లింకు చూపించాడు. "ముందు దాన్ని తీసెయ్యి. ఎవలో పంపింది నొక్కద్దు, సంస్థ సైటు మనమే ఎతికి తెరవాలె" అని నేనే తీసేశాను. అసలు సైటు తెరిస్తే అన్నీ డాలర్లే. కాసేపు కిందికీ మీదికీ వెతికితే, ఆ సంస్థకు మన దేశంలోనే శాఖ ఉందని తేలింది. అక్కడైతే రూపాయల్లోనే, ఫోన్‌తోనే కట్టొచ్చు. పాన్ నంబరు ఇస్తే పన్ను రసీదు కూడా పంపుతారు. ఇక సదయ్య అని పేరు కొట్టబోతుంటే కాక ఆపాడు.

"ఆగయ్య అని కొట్టు బిడ్డా."

"ఆగయ్య ఎవలు?"

కాక తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, "నేనే" అన్నాడు.

ఓరి దేవుడా! ఇరవై ఏళ్లుగా ఎరిగిన మనిషి. సంగతేమిటంటే, అప్పట్లో బాయిలో కొలువు వచ్చింది ఆయన పెద్దనాన్న కొడుకు సదయ్యకు. ఆ సదయ్య ఒక్కసారి లోపలికి దిగి, ఆ చీకటి చూసి, పైకొచ్చి అటునుంచటే మహారాష్ట్రలోని భీవండి మగ్గాలకు పారిపోయాడు. ఆ పేరు మీద ఆగయ్య దిగాడు. బొగ్గు బెల్టులో ఇట్లా మారుపేరుతో బతికినవాళ్లు తక్కువేం కాదు. బయటపడితే కొలువు పోతుందన్న భయంతో అసలు పేరు ఎక్కడా పలకలేదు. ఆధార్, పాన్, పెన్షన్, చివరికి రిటైరైన రోజు దండ వేసి చదివిన సన్మాన పత్రం కూడా సదయ్య పేరు మీదే.

"నన్ను గన్న అవ్వ పోయినంక ఆ పేరుతోని పిలిచెటోళ్లు లేరు బిడ్డా. మీ చిన్నమ్మ మొగని పేరు పలుకది. ఒక్క కాయితం మీదన్న నా పేరు చూస్కోవాలె. గది మంచి పనికిచ్చిన కాయితమైతె ఇంక మంచిగుంటది."

నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఏడుపు ఆయన కోసం, కోపం ఆ ఫారం మీద. పాన్ మీద ఉన్న పేరే పెట్టాలని అది మొండికేసింది. చేసేది లేక సదయ్య అనే కొట్టి కిందికి పోతే ఒక గడి కనిపించింది, ఈ దానాన్ని ఎవరికైనా అంకితమిస్తారా అని.

"దొరికింది కాకా! ఈడ ఆగయ్య అని పెట్టుకోవచ్చు. రెండు తీర్లున్నయి. ఒకటి గౌరవంగ, ఒకటి యాదిల."

"నాకు గౌరవమెందుకు బిడ్డా, యాదిల అని పెట్టు. ఎవలికన్న యాదుంటే సాలు."

మాట నాకూ బాగుందనిపించి నొక్కేశాను.

మర్నాడు పొద్దున నా మెయిల్‌కు సంస్థ ఉత్తరం వచ్చింది. ఫోన్ చేస్తే కాక ఉరికొచ్చాడు, వెంట ఆయన భార్య మల్లక్క చిన్నమ్మ, జమున. ముందు నేను చదువుకోవాల్సింది. ఆ బుద్ధి ఉంటే కదా! ఇంగ్లిష్ చూసి గట్టిగా తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను.

"సదయ్య గారూ, మీ ఆప్తులు ఆగయ్య గారి మరణానికి మా ప్రగాఢ సంతాపం..."

"నీ నోట్ల మన్నువడ!" చిన్నమ్మ లేచింది. "పుస్తె మెడల ఉండంగనె నా మొగణ్ణి సంపుతవా? లక్షణంగ కూసున్న మనిషికి సంతాపమా?"

యాదిల అని నేను నొక్కిన ఆ ఇంగ్లిష్ 'ఇన్ మెమరీ' చచ్చినవాళ్లకే పెడతారని నాకేం తెలుసు? మనం బతికున్నవాళ్లను యాది చేసుకోమా? నాకు నవ్వాగలేదు. కానీ కాక నవ్వలేదు. "వచ్చిన ఒక్క కాయితం మీద గూడ సచ్చినోన్నేనా?" అన్నాడు మెల్లగా. ఆ మాటకు నా ప్రాణం ఉసూరుమంది.

వెంటనే ఉత్తరం కింద ఉన్న నంబరుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. అవతల ఒకమ్మాయి తెలుగులోనే మాట్లాడింది. జరిగిన పొరపాటు చెప్పాను.

"మారుస్తాం మేడమ్, కానీ డబ్బు పంపిన వారే చెప్పాలి. సార్, ఆగయ్య గారు మీకేమవుతారు?"

కాక అలవాటుగా తలుపు వైపు చూశాడు. బయట బాయి డ్యూటీ దిగిన మనుషులు చాయ్ తాగుతున్నారు.

"నేనే" అన్నాడు. మళ్లీ గట్టిగా, "నేనే ఆగయ్యనమ్మా. బతికే ఉన్న."

"అయ్యో, క్షమించండి ఆగయ్య గారూ! కొత్త ఉత్తరం ఇప్పుడే పంపిస్తాను."

"పంపుదువు గని, ఇంకొక్కసారి పిలువు బిడ్డా."

"ఆగయ్య గారూ?"

"ఆఁ" అన్నాడు కాక, ముఖమంతా నవ్వుతో.

జమున కుర్చీ మీంచి దూకింది. "తాతా, నీ పేరు ఆగయ్యనా? నాకెందుకు చెప్పలే?" జవాబు కోసం ఆగకుండా రోడ్డు మీదికి ఉరికి, చాయ్ తాగేవాళ్లందరికీ వినపడేటట్టు అరవడం మొదలుపెట్టింది. "మా తాత పేరు ఆగయ్య! మా తాత పేరు ఆగయ్య!"

"ఓసి నీ పాడుగాను, ఊకోవే!" అని చిన్నమ్మ గడప దాటబోతే, కాక ఆమె కొంగు పట్టుకుని ఆపాడు.

"అననియ్యవే. ఆ నోరు గందుకే బాగైంది."