చీముగడ్డకు ఇన్ని బత్తాయిలా

ఈ వారమంతా ఫోను బొడ్లో దోపుకునే తిరుగుతున్నాను. వంటింట్లోకి వెళ్ళినా, బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నా అది నాతోనే ఉంటోంది, ఆఖరికి స్నానానికి వెళ్ళేటప్పుడు కూడా తలుపు పక్కన స్టూలు మీద కూర్చుంటోంది. చూసేవాళ్ళకు నవ్వు రావలసిన సంగతే గానీ మా ఇంట్లో ఎవరూ నవ్వడం లేదు, ఎందుకంటే ఆ ఫోనుకు రావలసింది నా ఎడమ రొమ్ములో చేతికి తగిలిన గడ్డ ఏమిటో తేల్చే బయాప్సీ రిపోర్టు. సూదితో ముక్క తీశారు, స్టేప్లర్ కొట్టినట్టు టక్కుమని చప్పుడైంది, చిన్న పట్టీ వేసి పంపించేశారు. రిపోర్టు తయారవగానే మెసేజీ వస్తుందన్నప్పుడు మా అబ్బాయి చటుక్కున తన నంబరు చెప్పబోయాడు. "అమ్మా, నువ్వు ఊకె టెన్షన్ పడ్తవ్, నా నంబర్ ఇద్దాం తియ్" అన్నాడు. నేను వాణ్ణి పక్కకు జరిపి, నా నంబరు చెప్పి, కౌంటరులో ఉన్న అమ్మాయి చేత దాన్ని తిరిగి చదివించుకున్నాను. వాడు బిత్తరపోయాడు. ఏం చెయ్యను, ఆ మొండితనం నాది కాదు, మా అత్తమ్మది. ఆవిడ నగలు ఆడపడుచుకు వెళ్ళాయి, ఇత్తడి బిందెలు ఎటు వెళ్ళాయో తెలియదు, ఇది మాత్రం నాకు దక్కింది.

నా ఈడు వాళ్ళకు సికింద్రాబాదు బోయిగూడలో ఆ కాలపు ఇళ్ళు గుర్తుండే ఉంటాయి. ఒకే వాకిలి చుట్టూ నాలుగైదు వాటాలు, అందరికీ కలిపి ఒక నల్లా, నల్లా దగ్గర బిందెల వరుస, ఆ వరుసకు ఒక పెత్తనదారు. మా వాకిట్లో ఆ పెత్తనం మా అత్తమ్మది. నేను కొత్తగా కాపురానికి వచ్చి, ప్యాట్నీ దగ్గర ఒక ఆఫీసులో టైపిస్టుగా కుదిరిన రోజులవి. కోడలు ఉద్యోగానికి వెళ్తుంటే అత్తలు మూతి ముడిచే కాలంలో ఆవిడ నా టిఫిను డబ్బా తానే కట్టి, నల్లా దగ్గర నన్ను వరుస తప్పించి ముందుకు పంపించేది. ఎవరన్నా అదేమని అడిగితే, దానికి బస్సు దొరకకపోతే నువ్వు దింపుతావా అని ఎదురడిగేది. ఆవిడంటే నాకు భయమూ ఉండేది, ప్రేమా ఉండేది, ఏది ఎప్పుడు ఎక్కువో చెప్పడం కష్టం.

అట్లాంటి మనిషి ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి రాగానే చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకుపోయి, తలుపు గడియ పెట్టి, తన రొమ్ము మీద నా వేళ్ళు పెట్టింది. శనగగింజంత గట్టిగా తగిలింది. మామయ్యకు చెప్పుకోలేదు, కన్నకూతురికి చెప్పుకోలేదు, చదువుకున్నదానివి నీకే తెలుస్తుందని నాకు చూపించింది. నాకేం తెలుసు, నాకు టైపు తప్ప! అయినా మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి ఆవిణ్ణి పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. వాళ్ళు ముక్క తీసి చూడాలన్నారు. తీసిన ముక్కను చిన్న సీసాలో వేసి మన చేతికే ఇచ్చి, ఫలానా ల్యాబులో ఇచ్చి రమ్మనేవారు అప్పట్లో. రైల్వే వర్క్‌షాపులో ఇనుముతో కుస్తీ పట్టిన మా మామయ్య ఆ సీసాను గుడ్డసంచిలో పెట్టుకుని, సిటీ బస్సులో ఒళ్ళో రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. బస్సు కుదుపుకు సంచి కదిలినప్పుడల్లా ఆయన పెదవులు కూడా కదిలాయి. ఏ దేవుణ్ణి తలుచుకున్నాడో మేం అడగలేదు.

ఆ తరువాత ఎదురుచూపు. మా అత్తమ్మ ఎదురుచూసిన తీరు మళ్ళీ ఎవరిలోనూ చూడలేదు. కూర్చుంటే మనసు పురుగులా తొలుస్తుందని ఆవిడ లెక్క. దూదేకులాయన్ని పిలిపించి ఇంట్లో ఉన్న పరుపులూ దిండ్లూ అన్నీ విప్పించింది. వాకిలంతా ఆయన ఏకుడు బద్ద టంగుటంగుమని మోగుతుంటే, తెల్లటి దూది గాలికి లేచి అందరి తలల మీదా వాలుతుంటే, పక్కవాటాల వాళ్ళు ఇంట్లో పెళ్ళేమన్నా పెట్టుకున్నారా అని అడిగారు. మా ఆడపడుచు అప్పటికే పెళ్ళయిపోయి మెట్టుగూడలో కాపురముంటోంది, ఇంకెవరి పెళ్ళి! అత్తమ్మ మాత్రం నవ్వి, చలికాలం వస్తోంది కదా అని చెప్పి, కుట్లు వేయడానికి దబ్బనం అందుకునేది. పగలంతా అట్లా పనిచేసి సాయంత్రానికి ఒళ్ళు హూనం చేసుకునేది. నేను మాత్రం ఆఫీసులో ఒక్కొక్క కాగితాన్నీ తప్పుల తడకగా కొట్టి చీవాట్లు తినేదాన్ని.

రిపోర్టు తేవడానికి మామయ్య, మా ఆయన వెళ్ళారు. ఆడవాళ్ళు ఎందుకులే అన్నారు. వచ్చాక అత్తమ్మతో, ఏమీ లేదు, ఉత్త చీముగడ్డ, చిన్న ఆపరేషను చేస్తే పోతుంది అని చెప్పారు. మా ఆయన నన్ను పొయ్యి దగ్గరకు పిలిచి నిజం చెప్పాడు, కేన్సరు. ఆ కాలంలో అది ఆనవాయితీ. డాక్టరు కూడా మగవాళ్ళను పక్కకు పిలిచి, పేషెంటుకు చెప్పకండి, ధైర్యం చెడుతుంది అనేవాడు. నలుగురికీ తెలిసి, ఎవరి ఒంట్లో ఉందో వాళ్ళకు మాత్రం తెలియకుండా దాచడాన్నే ప్రేమ అనుకునేవాళ్ళం. నేను కూడా తల ఊపాను. ఆ పూట పప్పులో ఉప్పు వేశానో లేదో కూడా తెలియదు.

మామయ్య దగ్గరివాళ్ళకు మాత్రం చెవిలో చెప్పి, ఆవిడ ముందు అనకూడదని మాట తీసుకున్నాడు. ఇక్కడే మావాళ్ళు ఒక సంగతి మరిచిపోయారు. మనవాళ్ళు నోరు కట్టుకోగలరు గానీ చేతులు కట్టుకోలేరు. రోగి ఉన్న ఇంటికి వట్టి చేతులతో వెళ్ళడమనేది మనకు పుట్టుకతో రాలేదు. మా సికింద్రాబాదులో జ్వరానికైతే బ్రెడ్డు, ఆపరేషనుకైతే బత్తాయిలు, ఇది అందరికీ తెలిసిన మర్యాదే. మర్నాడు పొద్దున్నే మా ఆడపడుచు, ఊరికే చూసిపోదామని వచ్చానంటూ, ఎర్రబడ్డ కళ్ళతో, సంచినిండా బత్తాయిలతో దిగింది. ఆ వెనకే మామయ్య వర్క్‌షాపు స్నేహితుడు, ఇటుగా పోతూ వచ్చానంటూ రెజిమెంటల్ బజారు నుంచి బత్తాయిలు. గోడ అవతలి వాటాలో కోస్తా నుంచి వచ్చిన మిషన్ స్కూలు టీచరమ్మ ఉండేది, ఆవిడ వచ్చి అత్తమ్మ చేతులు పట్టుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, వెళ్తూ వెళ్తూ కొంగుచాటు నుంచి ఆవిడా బత్తాయిలే తీసింది. సాయంత్రానికి గంప నిండి, మిగిలినవి నేల మీద దొర్లుతున్నాయి. ఎవ్వరూ ఒక్క మాట బయటపెట్టలేదు పాపం, మాట మీద నిలబడ్డారు!

అత్తమ్మ ఆ గంప వంకా, మా మొహాల వంకా చాలాసేపు చూసింది.

"ఏందే పిల్లా, చీముగడ్డకు గిన్ని బత్తాయిలా?" అంది నాతో. నేను నోరు తెరిచేలోపలే కత్తిపీట తెప్పించుకుని, బత్తాయిలు కోసి, తన చేత్తోనే రసం పిండింది. ఇంట్లో ఉన్న గ్లాసులన్నీ నింపి మామయ్య ముందు, మా ఆయన ముందు, ఆడపడుచు ముందు, నా ముందు పెట్టింది. "ముందుగాల తాగుండ్రి, మీ మొహాల్ల రక్తం లేదు. తాగినంక నాకు చెప్పుండ్రి. నా పానం సంగతి వాడకట్టు మొత్తానికి ఎరికైంది, నాకే ఎరిక లేదు. గిదేం ఇన్సాఫ్, గిదేం న్యాయం?"

ఇనుముతో కుస్తీ పట్టిన మామయ్య గ్లాసు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఆయన ఏడుపే జవాబయింది. అత్తమ్మ కూడా ఏడ్చింది, ఏడవలేదని అబద్ధం చెప్పను. కొంగుతో మొహం తుడుచుకుని, ఆపరేషను ఎప్పుడు, ఎంత కోస్తారు, తరువాత ఏం చేస్తారు అని ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంది. మర్నాడు డాక్టరు దగ్గరకు తానే నడిచివెళ్ళి, ఇకనుంచి ఏం చెప్పినా నాకే చెప్పండి అని కుర్చీ లాక్కుని కూర్చుంది. రొమ్ము తీసేశారు. కుట్లు మానాక పాతచీర మడిచి, పరుపుల్లో మిగిలిన ఏకిన దూది కూరి, తన రవికెకు తగినట్టు మెత్త కుట్టుకుని, మళ్ళీ నల్లా దగ్గర పెత్తనానికి వచ్చింది. మనవణ్ణి ఎత్తుకుంది, బడికి దింపింది, వాడికి మీసాలు రావడం కూడా చూసింది. ఆ వాకిట్లో ఆడవాళ్ళందరికీ, సిగ్గుపడి దాచుకోకండి, స్నానం చేసేటప్పుడు చూసుకోండి అని బిందెలు నిండేలోపల పాఠం చెప్పేది. ఆ పాఠం పుణ్యమే, నా గడ్డ నా చేతికి దొరికింది.

ఇంతకీ ఈ వారం సంగతి. అత్తమ్మలా పనిలో పడదామంటే ఇప్పటి పరుపులు ఫోము, ఏకడానికి ఏముంది నా మొహం! కర్టెన్లు ఉతికాను, ఫ్రిజ్ కడిగాను, మా ఆయన చొక్కాలకు ఊడిన గుండీలూ ఊడని గుండీలూ కూడా మళ్ళీ కుట్టాను. ఫోనులో ఆ రోగం పేరు వెతకనని ఒట్టు పెట్టుకున్నాను, నిలబెట్టుకున్నాను.

ఇవాళ మధ్యాహ్నం మా ఆయన కునుకు తీస్తుండగా, అబ్బాయి గదిలో లాప్‌టాప్ ముందు ఉండగా, నడుం దగ్గర ఫోను వణికింది. వంటింట్లో నిలబడి తెరిచాను. చాలా మాటలు అర్థం కాలేదు గానీ కావలసిన మాట అర్థమైంది. గట్టుకు ఆనుకున్నాను. భయం వేసింది, చాలా భయం వేసింది. కాసేపు అట్లాగే ఏడ్చి, చన్నీళ్ళతో మొహం కడుక్కుని, చెప్పులేసుకుని కిందికి దిగాను. మెట్టుగూడలో మా అపార్టుమెంటు గేటు ముందు పళ్ళబండి ఉంటుంది. బత్తాయిలు కొన్నాను.

ఇద్దర్నీ పిలిచి, గ్లాసులు ముందు పెట్టాను. మా ఆయన గ్లాసు చూశాడు, నన్ను చూశాడు. ఆయనకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది, ఆ వాకిట్లో ఆయనా ఉన్నాడు కదా. తెలియనిది అబ్బాయికే. "ముందుగాల తాగుండ్రి" అన్నాను. తాగాక చెప్పాను. కేన్సరే, గడ్డ చిన్నదేనని స్కానింగు చేసినప్పుడే అన్నారు, రేపు పొద్దున డాక్టరు దగ్గరకు వెళ్తున్నాం, అడగవలసినవి నేనే అడుగుతాను, మీరిద్దరూ నా పక్కన కూర్చోండి చాలు అన్నాను. వాడు నా ఒళ్ళో తల పెట్టుకున్నాడు. వాడి తల నిమురుతూ కూర్చున్నాను.

కాలం మారింది, మంచికే చాలా మారింది. నా ఒంటి సంగతి అందరికంటే ముందు నాకే తెలిసింది, దానికోసం గంప చూసి గుండె చెరువు చేసుకోవలసిన పని లేకపోయింది. అయితే అప్పుడు రోగికి తప్ప అందరికీ తెలిసేది, ఇప్పుడు రోగికి తప్ప ఎవరికీ తెలియదు. ఈ అంతస్తులో నాలుగు తలుపులున్నాయి, నాలుగూ మూసే ఉన్నాయి. రేపు ఎవరికైనా తెలిసినా, దండం పెట్టే బొమ్మ ఒకటి ఫోనులో వస్తుంది, అంతే. దాచడం చేతగాక, వట్టి చేతులతో రావడం చేతగాక, ఊరికే వచ్చామంటూ ఎర్రటి కళ్ళతో గడప దగ్గర నిలబడే ఆ మనుషుల మీద నాకిప్పుడు చెప్పలేనంత బెంగగా ఉంది.

అందుకే సాయంత్రం మా ఆడపడుచుకు నేనే ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. అవతల తను ముక్కు ఎగబీల్చి, "పొద్దుగాల్నే వస్త వదినా, ఏం తేవాలె?" అంది.

బత్తాయిలే తెమ్మన్నాను, సంచినిండా.