నాలుగు వేళ్ళ కిందికి

దెయ్యం వార్త ఏదొచ్చినా మా పేపరాఫీసులో నన్నే పంపేవారు. నమ్మనివాడినని. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అలాంటి ఇళ్ళు చాలానే చూశాను. ఒకచోట ఊడిన రేకు, ఇంకోచోట అటక మీద గుడ్లగూబ సంసారం. పాతపట్నం వైపు ఒక ఇంట్లో అయితే, అద్దెకున్నవాళ్ళని ఖాళీ చేయించడానికి ఇంటాయనే చేసిన చప్పుళ్ళు. రిటైరయ్యేదాకా నాకు కారణం దొరకని దెయ్యం లేదు. దొరకనిది ఒక్కటే. అది మా బావ ఇంట్లో, పట్టపగలు, భోజనాలయ్యాక జరిగింది.

బావ అంటే మా అక్క భర్త. పొందూరులో ఖద్దరు నేస్తాడు. నన్ను పేరుతో పిలవడం ఎప్పుడో మానేశాడు. నేను వాళ్ళకి పేపరోడిని.

కిందటేడు ఆయనకి మూత్రంలో రక్తం పడింది. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. అక్క లుంగీ ఉతుకుతూ మరక చూసి నాకు ఫోన్ చేసింది. బతిమాలి విశాఖపట్నం తీసుకెళ్తే స్కానింగులో మూత్రాశయంలో గడ్డ కనిపించింది. పొగ తాగుతారా అని డాక్టరమ్మ అడిగింది. బావ చొక్కా జేబులోంచి బీడీ కట్ట తొంగిచూస్తోంది. ఇక జవాబెందుకు?

పొట్ట కోయలేదు. మూత్రం వచ్చే దారిలోంచే సన్నటి గొట్టం పంపి, కెమెరాలో చూస్తూ, కరెంటుతో వేడెక్కే తీగతో గడ్డను ముక్కలు ముక్కలుగా తీశారు. ఆ తర్వాత మంచం పక్కన వేలాడదీసిన సంచిలో మూత్రం ఎర్రగా దిగింది. మర్నాటికి గులాబీ రంగు. ఆ పైన తేట.

"కొత్త సీర ఉతికినట్టు రంగు దిగిపోతన్నాదిరా పేపరోడా" అన్నాడు బావ. నర్సు కూడా నవ్వింది.

ముక్కల పరీక్ష రిపోర్టు వచ్చాక డాక్టరమ్మ కాగితం మీద నాలుగు గీతలు గీసి చెప్పింది. మూత్రాశయం గోడకి పొరలుంటాయి. లోపలి పొరలో కణాలు వరస తప్పాయి, అది క్యాన్సరే. కింద కండ పొర దాకా దిగిందా లేదా అన్నది తెలియాలి. మొదటిసారి తీసిన ముక్కల్లో కండ రాలేదు. కాబట్టి కొన్ని వారాలాగి అదే చోట ఇంకాస్త లోతుగా తీసి చూడాలి. ఈ జబ్బులో రెండోసారి చూడటం మామూలేనట. చూడకుండా వదిలేసి, అక్కడేమైనా మిగిలుంటే, అది కండలోకి దిగుతుంది. అప్పుడు మూత్రాశయమే తీసెయ్యాల్సి రావచ్చు, అప్పటికే ఆలస్యమైపోయి ఉండొచ్చు.

బావ అంతా బుద్ధిగా విన్నాడు. ఇంటికొచ్చాక రానన్నాడు.

"ఒంటేలు తేటగా వస్తన్నాది. ఇంకేటి?" ఇదొక్కటే మాట. అక్క ఏడ్చింది. అన్నం పెట్టేది గాని పలకరించడం మానేసింది. ఆయన చలించలేదు. ఆస్పత్రి వాళ్ళిచ్చిన తేదీకి ముందు రోజు, ఆఖరి ప్రయత్నంగా నేను పొందూరు వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి మగ్గం మీద ఉన్నాడు. నిలువుగా సాగదీసిన పడుగులో పోగొకటి తెగింది. అడ్డంగా నేసిన పేక పోగులు కొన్ని విప్పి, తెగినదాన్ని అతికి, మళ్ళీ నేశాడు. పొందూరు నూలు చేత్తో వడికింది కాబట్టి తెగడం మామూలే. అతుకు పడ్డచోట నన్ను వంగి చూడమన్నాడు.

"ఎక్కడ తెగినాదో సూపించు సూద్దాం."

నాకు కనిపించలేదు.

"డాక్టరు గుంటా ఇదే సేసినాది. తెగినాది, ఇప్పినాది, బాగైపోయినాది. బాగైనదాన్ని మళ్ళీ కెలకడమేటి?"

"నీ ఒళ్ళు ఖద్దరు తానేటి?" అంది అక్క గుమ్మంలోంచి. "మాటకి మాట సెప్పడం ఒకటి నేర్సినాడు. లెగు, అన్నం తిందువు గాని."

ఇక్కడ అత్త గురించి చెప్పాలి. అత్త అంటే బావ తల్లి. నాలుగేళ్ళయింది పోయి. ఆమె మగ్గమెక్కేది కాదు. చేప దవడ ఎముకతో పత్తి దువ్వడం, రాట్నం మీద వడకడం ఆమె పని. కానీ కొడుకు భోజనానికి లేచాడంటే మెల్లగా వచ్చి మగ్గం పక్కన కూర్చుని నేసిన బట్ట మీద అరచెయ్యి ఆడించేది. అతుకు తగిలితే చాలు, ఆ అతుకు దగ్గర ఆగేది కాదు. దానికి నాలుగు వేళ్ళ కిందికి విప్పేసేది. విప్పిన పేక నూలు పారెయ్యకుండా బొటనవేలికీ చిటికెన వేలికీ ఎనిమిది అంకెలా చుట్టి, బట్ట చుట్టుకునే కర్రకి ఎడమ కొసన తాడులో దోపేది.

తిరిగొచ్చి బావ ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాడు. "మళ్ళీ ఇప్పీసినావేటే అమ్మా!"

"ఇప్పీసినాను. ఏటైనాది? తెగిన పోగు పక్కన ఇంకోటి ఉంటాది. నేసినోడి కంటికి అంతా బాగానే ఉంటాది."

వాళ్ళిద్దరి ఈ తగాదా నేను కొన్ని వందలసార్లు విని ఉంటాను. ఆమె పోయాక బావ ఒకసారి నాతో అన్నాడు, మగ్గం దగ్గర తిట్టడానికి మనిషి లేకుండా పోయిందని.

ఆ రోజు భోజనాలయ్యాయి. ముగ్గురం వీధి అరుగు మీద కూర్చున్నాం. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. అక్క చింతపండు పిక్కలు తీస్తూ మధ్యలో ముక్కు చీదుతోంది. పిల్లలు పెళ్ళిళ్ళయి వేరే ఊళ్ళల్లో ఉన్నారు. ఇంట్లో ఇంకెవరూ లేరు. లోపలికి పోవాలంటే మమ్మల్ని దాటుకునే పోవాలి. దొడ్డి తలుపు లోపల గడియ పెట్టి ఉంది. అది తర్వాత నేనే వెళ్ళి చూశాను.

బావ విసుక్కుని లేచాడు. "ఒగ్గీరా బాబూ" అంటూ లోపలికెళ్ళాడు. వెంటనే కేక.

"ఒసే! మగ్గం మీద సెయ్యెట్టినావేటి?"

మేం వెళ్ళేసరికి ఆయన నిలబడే ఉన్నాడు. పొద్దున అతికి నేసిన చోటు లేదు. పేకంతా విప్పేసి ఉంది. అతుకు దాటి, నాలుగు వేళ్ళ కిందికి. పడుగు పోగు ఒక్కటీ చెదరలేదు. బావ వంగి వేలు ఆనించాడు. పొద్దున అతికిన పోగుకి పక్కదే, ఇంకొకటి తెగి ఉంది. గంజికి పక్క పోగుతో అంటుకుపోయి, ఇప్పటిదాకా పైకి కనిపించకుండా ఉంది.

తర్వాత ఆయన చెయ్యి కర్ర ఎడమ కొసకి వెళ్ళింది. వెతుకుతున్నట్టు లేదు, అలవాటుగా వెళ్ళింది. తాడులో నూలు ఉంది. ఎనిమిది అంకెలా చుట్టి.

బావ ఆ చిన్న చుట్టని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. కళ్ళు తుడుచుకోలేదు కూడా.

"తెల్లారి బస్సు ఎన్ని గంటలకిరా?" అన్నాడు.

వెళ్ళాం. రెండోసారి అదే దారిలో గొట్టం పంపి, పాత గాయం అడుగున తీసి చూశారు. లోపలి పొర కింద కొద్దిగా మిగిలి ఉంది. కండ దాకా దిగలేదు. వదిలేసుంటే దిగేదని డాక్టరమ్మ చెప్పింది. ఆ తర్వాత వారం వారం మూత్రాశయంలోకి మందు ఎక్కించారు. చిన్నపిల్లలకి క్షయ రాకుండా వేసే టీకా మందేనట. మంటకి బావ ఆస్పత్రి వాళ్ళ ఏడు తరాలనీ తిట్టుకున్నాడు గాని, ఒక్క వారం కూడా మానలేదు.

పాత అలవాటుకొద్దీ నేను విచారణ చేశాను. ఎలుకైతే కొరుకుతుంది, చుట్టదు. బావే విప్పుకున్నాడా? అన్నానికి లేచాక మా కళ్ళ ముందే ఉన్నాడు, లోపలికెళ్ళిన మరుక్షణమే కేక. అంత సన్నటి నూలు విప్పడానికి చాలా సమయం పడుతుంది. ఇక మిగిలింది అక్క. అడిగాను.

"నానే సేసుంటే ఊరంతా సెప్పుకుందును, మొగుణ్ని దారిలో ఎట్టినానని" అంది. "నన్ను అనుమానించడం కాదు, రేత్రి మా ఇంట్లో తోడు పడుకో ముందు, బయమేస్తన్నాది."

వార్తగా రాయమంటే ఇప్పటికీ రాయలేను. ఎవరు అన్న చోట ఖాళీ వదిలెయ్యాలి.

మొన్న కెమెరా పరీక్షలో ఏమీ కనిపించలేదు. తేటగా ఉందన్నారు. నేనూ బావతో పాటే పొందూరు వచ్చాను. ఆయన చెప్పులు విడిచి, కాళ్ళు కూడా కడగకుండా, నేరుగా మగ్గం దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. నేను గుమ్మంలో ఉన్నానన్న సంగతి మరిచిపోయినట్టున్నాడు.

"బాగున్నాదటే అమ్మా. డాక్టరు గుంట సెప్పినాది" అన్నాడు. కర్ర ఎడమ కొసన తాడు సవరించి, మళ్ళీ అన్నాడు. "అయినా నువ్వోసారి సూడు."

తర్వాత భోజనానికి వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు చాలా నెమ్మదిగా తిన్నాడు.