పూల్ దగ్గర పెట్టిన గేట్ మీటింగ్

మా గోదావరిఖనిలో ఏది కావాలన్నా గని గేటు ముందు నిలబడి అరవాలి. షిఫ్టు మారే వేళ యూనియన్ వాళ్లు పెట్టే గేట్ మీటింగులు చూస్తూ పెరిగాను. పైగా పొలిటికల్ సైన్సులో ఎమ్మే. నోరు మూసుకొని పని జరిపించుకోవచ్చని నాకెవరూ నేర్పలేదు.

మా బిడ్డ పుట్టినప్పుడు దవాఖాన కాగితం మీద మగ అని రాశారు. పంతొమ్మిదో ఏట ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు తెచ్చుకుంది. యూనివర్సిటీ ఈత జట్టు ఎంపికల్లో అమ్మాయిల వరుసలో ఈదాలని దాని పట్టుదల. కాలేజీ రికార్డుల్లో మాత్రం ఇంకా అబ్బాయే.

"అందరు ఈదినంక ఆఖర్న మీ బిడ్డనొక్కదాన్నే నీళ్లల్ల దించి టైం రాయించుకుంట. అది పట్టుకొని పైవాళ్లతోని నేను మాట్లాడుత. అప్పటిదాక ఎవ్వరికీ చెప్పకుండ్రి అక్కా," అంది కాలేజీలో ఆటలు చూసే పీడీ మేడమ్.

ఆ రోజు పూల్ గట్టు మీద వేరే కాలేజీ పిల్ల ఒకతె నవ్వుతూ మా బిడ్డ జుట్టును ఈత టోపీలోకి దోపుతోంది. పీడీ మేడమ్ వెళ్లి ఎంపిక అధికారి చెవిలో ఏదో చెప్పింది. ఆయన జాబితా తిరగేసి, "సరే, చూద్దాం," అన్నాడు.

మా గని ఆఫీసుల్లో 'చూద్దాం' అంటే కాదనే. లేచాను.

"చూద్దాం అంటే ఏంది సార్? చూసుడు గీసుడు బంద్ చేయుండ్రి. ట్రాన్స్‌జెండర్ పిల్లకు ఈదే హక్కు లేదా? ఇగో కార్డు!"

టోపీ సర్దుతున్న చేతులు ఆగిపోయాయి. ఆ పిల్ల తల్లి పరుగున వచ్చింది. "ఇందాక మా పిల్లతోని ఒక్క గదిల బట్టలు మార్చుకున్నది మొగపోరడా?"

ఆవిడకూ జవాబు చెప్పాను. అరగంట సేపు అందరికీ చెప్పాను. అందులో ఒక్క ముక్క తప్పు లేదని ఇప్పటికీ అంటాను. చివరికి అధికారి పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "ఆఖర్న ఈదనిద్దామనే అనుకున్నానమ్మా. ఇంత గొడవయ్యాక ఏ వరుసలోనూ దించలేను. పైనుంచి కాగితం తెండి."

బట్టలు మార్చుకునే ఆ గదిలోకి మళ్లీ వెళ్లలేక, మా బిడ్డ తడవని ఈత బట్టల మీదే చుడీదార్ తొడుక్కుంది.

బస్సులో, "కోర్టుకు పోదాం. మనమే గెలుస్తం," అన్నాను.

"నేను ఈదుత అని అన్న. కొట్లాడుమని అన్ననా అమ్మా?"

దానికీ నా దగ్గర జవాబుంది. చెప్పాను కూడా. అది కిటికీ వైపు తిరిగింది.

పీడీ మేడమ్ నెల రోజులు ఫోన్ చేసింది. మా బిడ్డ ఒక్కసారీ ఎత్తలేదు. పూల్‌కూ మళ్లీ పోలేదు.