నలుగురు ఇంజినీర్లు, నాలుగు ఈగలు

నేను ఇంతకుముందు రాయలేకపోవడానికి కారణం లేసు. నరసాపురం దగ్గర మా ఊళ్ళో ఆడపిల్లకి ఆరేళ్ళు రాగానే చేతికి లేసు సూది ఇచ్చేవారు. బడి మా ఇంటికి నాలుగిళ్ళ అవతలే. పిల్లలు గుణింతాలు అరవడం వినిపిస్తూనే ఉండేది, నేను అరుగు మీద కూర్చుని దారంతో పూలు అల్లుతూనే ఉండేదాన్ని. షావుకారు మనిషి శుక్రవారం వచ్చేసరికి పని తెమలాలి. ఇంక పలక ఎప్పుడు పట్టేది? "మిమ్మల్ని పాపం ఎందుకు చదివించలేదు ఆంటీ?" అని ఇక్కడ అమెరికాలో, మా అల్ఫారెట్టా ఊళ్ళో పెద్ద చదువులు చదివిన ఆడవాళ్ళు జాలిగా అడుగుతారు. అడుగుతూ, లేసు పరిచిన బల్ల మీదే కాఫీ కప్పు పెడతారు.

అక్షరాలు నాకు యాభై ఏడో ఏట వచ్చాయి. మా కాలనీలోనే ఒకరింటి బేస్‌మెంట్‌లో ఆదివారాలు పిల్లలకి తెలుగు బడి నడిపేవారు. మనవరాలిని నడిపించుకుని తీసుకెళ్ళడం నా పని. రెండు గంటలు గోడ చూస్తూ కూర్చోలేక, వెనక కుర్చీలో నేనూ ఒక నోట్‌బుక్కు తెరిచాను. పిల్లలు సెలవులు రాగానే అన్నీ మర్చిపోయారు. వాళ్ళకి అక్కర్లేని చదువు నాకు దక్కింది.

రాయడం వచ్చింది కనక మా అల్లుడుగారి ఈగల సంగతి రాస్తాను.

ట్రౌట్ అని ఒక చేప, చల్లటి కొండ ఏళ్ళలో ఉంటుంది. దానికి వానపామును గుచ్చి గాలం వేయడం మా అల్లుడుగారి లాంటివాళ్ళకి నామోషీ. హుక్కుకి దారం, ఈక, కుందేలు బొచ్చు చుట్టి, అది పురుగని చేపను నమ్మించాలి. అలా కట్టినదాన్ని వాళ్ళు ఫ్లై అంటారు. నేను ఈగ అంటాను. దానికోసం ఛాతీ దాకా వచ్చే రబ్బరు ప్యాంట్లు, ఒళ్ళంతా జేబులున్న చొక్కా, చేపను తడి చేత్తో ఎలా పట్టుకోవాలో చెప్పే వీడియోలు. ఇంతా చేసి చేప దొరికితే, ఫోటో దిగి మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. నేను చేప గుమ్మంలోకి రాగానే చింతపండు నానబెట్టే ఇంట్లో పెరిగాను. ఈ తతంగం చూస్తే నాకు నవ్వు కూడా వచ్చేది కాదు.

మా అల్లుడుగారు సాఫ్ట్‌వేర్‌లో ఆర్కిటెక్టు. నీళ్ళంటే భయం, చేప వాసన పడదు. ఆయన మేనేజరు ముప్పై ఏళ్ళుగా ట్రౌట్ పట్టే మనిషి కావడంతో ఈయనకీ ట్రౌట్ మీద ప్రేమ పుట్టింది. అంతకుముందున్న మేనేజరు సైకిల్ తొక్కేవాడు. ఆ కాలపు సైకిల్ ఇంకా మా గరాజ్‌లో గోడకి వేలాడుతోంది.

ఈగలు కట్టే సామాను కూడా తెప్పించారు. హుక్కును కదలకుండా పట్టుకునే చిన్న ఇనప బిగింపు, దారపు ఉండలు, నెమలి ఈకలు, కోడి మెడ ఈకలు. రెండు శనివారాలు కూర్చున్నారు. రెండుసార్లూ వేలికి గుచ్చుకుంది. మూడో శనివారానికి సామానంతా మెట్ల కింద అరలోకి వెళ్ళిపోయింది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేను దాన్ని బయటికి తీసి, దానితోపాటు వచ్చిన పుస్తకంలో బొమ్మ చూసి ఒకటి కట్టాను. దారాన్ని ఇనుము చుట్టూ తిప్పి బిగించడమే కదా. దానికి ఇంజినీరింగ్ అక్కర్లేదు. సాయంత్రం ఆయన చూశారు.

"అత్తయ్యగారూ, ఇది మీరు కట్టారా? ఇంకొకటి కట్టగలరా?"

ఆ ఇంకొకటి రెండేళ్ళలో మూడు వందలయింది. ఆయనకీ, ఆయనతో చేపలకి వెళ్ళే ముగ్గురు స్నేహితులకీ నేనే కట్టేదాన్ని. వాళ్ళూ ఇంజినీర్లే. "మీ చేతిలో మ్యాజిక్ ఉందాంటీ" అనేవారు. అని, ఈగలు పట్టుకుని వెళ్ళిపోయేవారు.

2011 ఎండాకాలంలో మా పెరట్లో బార్బెక్యూ పెట్టారు. మేనేజరు వచ్చాడు. తెల్ల గడ్డం, మాట తక్కువ. అల్లుడుగారి ఈగల డబ్బా తెరిచి, ఒక్కో ఈగనీ వెలుతురుకి ఎత్తి, తిప్పి తిప్పి చూశాడు. అలా చూడటం పనితనం తెలిసినవాళ్ళకే వస్తుంది. ఇవి ఎవరు కట్టారని అడిగాడు.

"నేనే కడతాను. స్ట్రెస్ తగ్గుతుంది," అన్నారు మా అల్లుడుగారు ఇంగ్లీషులో.

నేను గారెల పళ్ళెంతో పక్కనే ఉన్నాను. నాకు అంత ఇంగ్లీషు అర్థమవుతుంది. స్నేహితులు ముగ్గురూ గారెల కేసి చూశారు.

మా అమ్మాయితో చెప్తే, "చిన్న విషయంలే అమ్మా, ఆఫీసు మాటలు" అంది. చిన్నదే. చిన్నదైతే నిజం చెప్పడానికి ఎంతసేపు పట్టాలి?

సెప్టెంబరులో మేనేజరు ఈ నలుగురినీ బ్లూ రిడ్జ్ అనే కొండ ఊరి అవతల టొకోవా నదికి పిలిచాడు. ఒక షరతు పెట్టాడు. రోజంతా తలా నాలుగు ఈగలే, డబ్బాలు తేకూడదు. ఏ నీళ్ళకైనా, ఏ వేళకైనా పనికొచ్చే నాలుగింటిని ఎంచుకోవడం వచ్చినవాడికే చేపలు పట్టడం వచ్చినట్టు, అన్నాడట. ఈ మొత్తం వ్యవహారంలో నేను విన్న తెలివైన మాట అదొక్కటే.

ముందురోజు సాయంత్రం నలుగురూ మా డైనింగ్ టేబుల్ చుట్టూ చేరి లాప్‌టాప్‌లో ఎక్సెల్ షీటు తెరిచారు. ఈగలన్నిటికీ మార్కులు. అందానికి ఇన్ని, ఇంటర్నెట్‌లో పేరుకి ఇన్ని, తేలడానికి ఇన్ని, దూరం నుంచి కంటికి ఆనడానికి ఇన్ని. చేప కంటికి కాదు, వీళ్ళ కంటికి.

"వెయిటేజ్ మార్చు బ్రో. ఫ్లోటింగ్‌కి నలభై పెట్టు."

"నలభై ఎందుకురా?"

"మునిగితే కనపడదు కదా. కనపడకపోతే ట్రాక్ ఎలా చేస్తావ్?"

నేను పులిహోరకి చింతపండు పిసుకుతూ విన్నాను. ఇన్నాళ్ళూ వీళ్ళు నీళ్ళలో నిలబడి గాలిలో గాలం తాళ్ళు తిప్పుతుంటే, నేను ఒడ్డున రాళ్ళు తిరగేసి చూసేదాన్ని. ఒక్కో రాయి కింద పది పురుగులు కదిలేవి.

"చేప ఎప్పుడూ ఆకాశం చూస్తూ తిరగదండీ అల్లుడుగారూ," అన్నాను. "దాని తిండి చాలామటుకు అడుగున రాళ్ళ కింద ఉంటుంది. తేలేది ఒకటి పెట్టుకోండి. జానెడు లోతున కొట్టుకుపోయేది ఒకటి. బరువుగా అడుగున దొర్లేది ఒకటి. చిన్న చేపలా ఈదే తోకది ఒకటి. నాలుగూ మట్టి రంగువి చాలు. ఏ ఏటికి వెళ్ళినా వాటిలో ఒకటి పనికొస్తుంది."

"ఆంటీ, ఇది డేటా," అన్నాడు స్నేహితుల్లో ఒకడు.

"ఆ సంగతి చేపలకి చెప్పారా బాబూ?"

"పులిహోరలో వేరుశనగలు ఎక్కువ వెయ్యండాంటీ," అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. అల్లుడుగారు అందరికంటే ఎక్కువసేపు నవ్వారు.

షీటు నాలుగు పేర్లు తేల్చింది. నాలుగూ తేలేవే, నాలుగూ పెళ్ళిపందిరి రంగులవే. స్నేహితులు కార్లో సామాను సర్దడానికి బయటికి వెళ్ళినప్పుడు నేను అల్లుడుగారిని ఆపాను.

"రేపు ఆయనతో చెప్తారాండీ, ఇవి నేను కట్టినవని?"

"తప్పకుండా అత్తయ్యగారూ. టైం చూసి చెప్తాను."

"టైం మీరే చూసుకోండి. రేపట్లోగా చూసుకోండి."

"సరే. రేపే. ప్రామిస్."

నాకు ఇంకేమీ అక్కర్లేదు. ఆ గడ్డపాయన ఒక ఈగను వెలుతురుకి ఎత్తి చూసి, తర్వాత నా మొహం చూస్తే చాలు. పని తెలిసినవాళ్ళెవరైనా నా పనిని నాదని తెలిసి చూడటం అప్పటిదాకా నా బతుకులో ఒక్కసారి కూడా జరగలేదు.

మర్నాడు ఏడింటికల్లా నది దగ్గరున్నాం. మా అమ్మాయికి ఆ శనివారం ఫార్మసీలో డ్యూటీ. తిండి చూసుకునే పని మీద నేను వెళ్ళాను. మేనేజరు నలుగురినీ అరచేతులు చాపమన్నాడు. నాలుగు అరచేతుల్లోనూ అవే నాలుగు ఈగలు. ఒక్కడికైనా తన బుర్రతో ఒక్కటి మార్చుకుందామని తోచలేదు. మేనేజరు చాలాసేపు చూసి, తన గుప్పిట తెరిచాడు. తేలేది ఒకటి, మునిగేవి మూడు. అన్నీ బురద రంగువి.

పదకొండయ్యేసరికి ఆయన అయిదు చేపల్ని పట్టి వదిలాడు. మావాళ్ళు నలుగురూ కలిసి రెండు చెట్లనీ, ఒక టోపీనీ పట్టారు. ఈగ చెట్టుకి చిక్కినప్పుడల్లా నలుగురూ చేరి ఏ కోణంలో లాగాలో చర్చించేవారు. నా ఈగే చిక్కిందని గానీ, దాన్ని కట్టడానికి నాకు ముప్పావుగంట పడుతుందని గానీ ఎవరికీ గుర్తు లేదు. తాడు తెంపేసి ఇంకోటి కట్టుకునేవారు.

నా స్వెట్టరు జేబులో ముందురోజే విడిగా తీసి పెట్టుకున్న నాలుగు ఈగలున్నాయి. ఇవ్వకుండా ఊరుకుంటే ఆ షీటుకి తగిన శాస్తే జరిగేది. కానీ నాకు ఆశ పుట్టింది. ఒక్క చేప పడితే అల్లుడుగారికి గుండె నిబ్బరం వస్తుంది, ఆ ఊపులో నా మాట చెప్పేస్తారు అనుకున్నాను. ఆ రోజు నది దగ్గర బుద్ధితక్కువ పని చేసినవాళ్ళు నలుగురు కాదు, అయిదుగురు.

అడుగున దొర్లేదాన్ని ఒడ్డునుంచి అందించాను. షరతు సంగతి ఎత్తకుండా తీసుకున్నారు. మూడోసారి విసిరేసరికి తాడు బిగుసుకుంది. చేప జానెడున్నర ఉంటుంది, వంటి మీద ఎర్ర చుక్కలు. మేనేజరు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చి, దాని నోట్లోంచి ఈగను తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"పొద్దున ఇది నీ దగ్గర చూడలేదు," అన్నాడు.

"జేబులో ఉండిపోయింది. పోయినవారమే కట్టాను."

నేను అయిదడుగుల దూరంలో ఉన్నాను.

భోజనాల దగ్గర మేనేజరు తన సంచిలోంచి ఈగలు కట్టే బిగింపు తీసి చెక్కబల్ల అంచుకి తగిలించాడు. అందులో ఒక హుక్కు పెట్టి, దారం ఉండతో సహా అల్లుడుగారి ముందుకి జరిపాడు. "ఆ ఈగ తల దగ్గర ముడి ఎక్కడుందో నాకు కనపడలేదు. ఎలా ముగించావు? చూపించు."

నేను పేపర్ ప్లేట్లలో పులిహోర పెడుతున్నాను. గరిటె ఆపేశాను. చెప్పడానికి ఇంతకంటే మంచి టైం ఉండదు. నేను కాదు, మా అత్తగారు కట్టారు, ఆవిడే. ఇంగ్లీషులో నాలుగైదు మాటలు.

అల్లుడుగారు నా వైపు వంగి తెలుగులో అన్నారు. "అత్తయ్యగారూ, కాస్త ఏదైనా అడ్డం పెట్టండి. కళ్ళు తిరిగినట్టు కూర్చోండి."

"నా కళ్ళు బాగానే ఉన్నాయండీ. ఇంకా ఇద్దరికి వడ్డించాలి."

"ప్లీజ్ అత్తయ్యగారూ."

"నిన్న చెప్తానన్న మాట ఉంది కదండీ. అది చెప్పండి, సరిపోతుంది."

స్నేహితుల్లో ఒకడు దగ్గాడు. ఇంకొకడు ఫోనులో చేప ఫోటోని పెద్దది చేసుకుని చూడసాగాడు. అల్లుడుగారు కుడి మణికట్టు పట్టుకున్నారు. టెన్నిస్‌లో బెణికిందని, డాక్టరు సన్నపని ఏదీ చెయ్యొద్దన్నాడని చెప్పారు. ఆ చేత్తోనే పొద్దుట్నుంచీ నదిని కొరడాతో కొట్టినట్టు కొట్టారు.

మేనేజరు ఆ మణికట్టు కేసి చూశాడు. తర్వాత గరిటె పట్టుకున్న నా చేతిని చూశాడు. నా చూపుడువేలి పక్కన దారం కోసిన సన్న గాట్లుంటాయి, ఈగలు కట్టేవాడికి అవేమిటో తెలుస్తుంది. తెలిసిందని నాకు అర్థమయింది. ఆయన నోరు విప్పుతాడని చూశాను.

"పర్లేదు. ఇంకోసారి చూద్దాం," అని బిగింపు విప్పి సంచిలో పెట్టుకున్నాడు. పులిహోర చాలా బాగుందని మాత్రం నాకు చెప్పాడు. పని తెలిసిన మనిషికి కూడా మర్యాదే ముఖ్యమయింది. అబద్ధమాడినవాడి మొహం నల్లబడకుండా చూసే మర్యాద. ఇలాంటి మర్యాదస్తులు పైనుంటే మా అల్లుడుగారు ఆర్కిటెక్టు అయ్యారంటే వింతేముంది.

తిరుగు ప్రయాణంలో కార్లో మేమిద్దరమే. దారిలో డాలోనెగా అనే ఊరు దాటాక ఆయన పాటలు ఆపేశారు.

"థాంక్స్ అత్తయ్యగారూ. మీరు నా పరువు కాపాడారు."

నేను ఏమీ కాపాడలేదు. ఇంగ్లీషులో ఆ ఒక్క ముక్క తప్పుల్లేకుండా చెప్పగలనో లేదోనని జంకాను, అంతే. తప్పులతోనే చెప్పాల్సింది.

"చెప్తానన్నారు," అన్నాను.

"ఇప్పుడు చెప్తే ఇన్నాళ్ళూ అబద్ధమాడానని తెలిసిపోతుంది కదా. ఆఫీసులో రివ్యూలు దగ్గర పడ్డాయి. ఇలా పోనివ్వండి." ముందున్న ట్రక్కుని దాటించి మళ్ళీ అన్నారు. "అయినా ఇంట్లో మనకి మనకి నీదీ నాదీ ఏముందత్తయ్యగారూ?"

నేను కిటికీ అద్దం దించుకున్నాను.

"ఆ బురద రంగుది ఆయనకి బాగా నచ్చింది. వచ్చే ట్రిప్పుకి ఇంకో రెండు డజన్లు కట్టి పెట్టండి."

మర్నాడు పొద్దున కాఫీ తాగి, ఆయన డబ్బాలు నాలుగూ తెచ్చి కిటికీ పక్క బల్ల మీద పెట్టుకున్నాను. బ్లేడుతో ఒక్కో ఈగకి కడుపు కింద దారం కోసి, ఈకలూ బొచ్చూ ఊడదీసి చెత్తసంచిలో వేశాను. ఉత్త హుక్కుల్ని తుడిచి, మళ్ళీ వాటి వరసల్లోనే గుచ్చాను. హుక్కులు ఆయన తెప్పించినవి. మూడు డబ్బాలయ్యేసరికి ఆయన మెట్లు దిగొచ్చి నా ముందు నిలబడ్డారు.

"ఇదేంటత్తయ్యగారూ?"

"మీవి మీకిస్తున్నానండీ," అన్నాను. ఇంకా ఒక డబ్బా మిగిలుంది. వెలుతురుకి అడ్డం తప్పుకోమన్నాను.